గృహ సరీసృపాల ఆవాసపు పెట్టె ఎంపిక: తిరువూరు ఉష్ణ వాతావరణ నేపథ్యం

పాములు, బల్లులు శీతరక్త జీవులు. వెచ్చని, చల్లని తావుల మధ్య తిరుగుతూ ఇవి తమ శరీరోష్ణాన్ని సరిచేసుకుంటాయి. కావున ఆవాసపు పెట్టెలో ఒక కొస వెచ్చగాను, మరొక కొస చల్లగాను ఉండాలి. శీతల దేశాలలో రూపొందిన పెంపక సూచనలు వేడిని సమకూర్చడానికే ప్రాధాన్యమిస్తాయి. ఎన్‌టీఆర్ జిల్లాలోని తిరువూరులో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇక్కడ అసలు సమస్య చల్లని కొసను నిలుపుకోవడం.

ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్‌కు వెచ్చని కొస 31-33, చల్లని కొస 25-27 డిగ్రీలు ఉండాలి. గదిలోనే 38 డిగ్రీలుంటే హీటరు ఆపినా చల్లని కొస ఏర్పడదు. ఎండ పడే గాజుపెట్టె మరింత వేడెక్కుతుంది. పక్కలకు జాలీ అమర్చిన, తాళం పడే చెక్కపెట్టె ఇంతకన్నా మేలు. రెండు కొసలలోనూ దాగే చోటు, ఉష్ణమాపకం అవసరం. పెట్టె పొడవు పాము పొడవుకు తగ్గరాదు. నేలపై తిరిగే ఫ్యాట్ టెయిల్డ్ గెకోకు నేల వైశాల్యం, చెట్లెక్కే క్రెస్టెడ్ గెకోకు ఎత్తు ముఖ్యం. రెండవది 28 డిగ్రీలు దాటితే తాళలేదు.

చట్టం కూడా ఎంపికను పరిమితం చేస్తుంది. కొండచిలువ, నాగుపాము వంటి దేశీయ సర్పాల పెంపకాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు. బాల్ పైథాన్ సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నందున, 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో దాని నమోదు తప్పనిసరి.

ఆవాస ఎంపిక పెట్టెతో గాక గదితో మొదలవుతుంది. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయినపుడు గదిని చల్లగా ఉంచలేని ఇంటికి తగిన పెట్టె లేదు. అక్కడ ఈ జీవులను పెంచకపోవడమే సముచితం.