ఆయిలింజను పొగగొట్టం – కొలత తెలిసి అమర్చుకొనండి

ఇంజను నల్లపొగ కక్కుతున్నది. నూనె ఎక్కువ తాగుతున్నది. నీరు మునుపటివలె పడుట లేదు. ఈ మాట చెప్పగానే మెకానిక్కు నాజిలు విప్పుతాడు. అది మార్చినా ఫలితం లేకపోతే పిస్టన్ రింగులు, లైనరు మార్చమంటాడు. ఖర్చు వేల రూపాయల్లోకి పోతుంది. కాని కిందటి ఏడు పాక మార్చినప్పుడు ఇంజనుకు తగిలించిన పొడుగాటి సన్న గొట్టం వైపు ఎవరూ చూడరు. చాలాచోట్ల దోషమంతా అక్కడే ఉంటుంది.

విద్యుత్తు మోటార్లు ఊరూరా వచ్చినా కాలువ గట్లపైన, వాగుల వెంట, తీగె అందని మెట్టబావుల వద్ద ఆయిలింజను నేటికీ పని చేస్తూనే ఉన్నది. దాని పొగగొట్టం ఎంత లావుండవలెనో తెలిసికొనుట కష్టం కాదు. తెలియకపోతే నూనెకు నష్టం. ఇంజను బావిలో ఉంటే ప్రాణానికే నష్టం.

గొట్టం చేసే పని

మనిషి లోపలి గాలిని పూర్తిగా విడిచినప్పుడే కొత్తగాలి నిండుగా పీల్చగలడు. ఇంజను కూడా అంతే. కాలిన పొగ సులువుగా బయటకు పోవలెను. గొట్టం ఇరుకైతే కొంత పొగ సిలిండరులోనే మిగులుతుంది. ఆ మేరకు కొత్తగాలి తగ్గుతుంది. గాలి చాలక నూనె పూర్తిగా కాలదు. కాలని నూనె నల్లపొగగా పోతుంది. పైగా పొగను బయటకు నెట్టడానికి పిస్టన్ తన బలంలో కొంత ఖర్చు చేయవలసి వస్తుంది. ఇంజను వేడెక్కుతుంది.

ఎంత పొగ? ఎంత లావు?

ఒక ఉదాహరణ తీసుకొందాము. ఇంగ్లండులోని లిస్టర్ కంపెనీ వారి 6 గుర్రపు బలం ఇంజను నమూనా మన రైతులకు చిరపరిచితం. గుజరాతులోని రాజకోటలో ఆ నమూనాపై ఇంజన్లు తయారై దేశమంతా వ్యాపించాయి. దాని సిలిండరు లోపలి అడ్డుకొలత నాలుగున్నర అంగుళాలు, పిస్టన్ నడక ఐదున్నర అంగుళాలు, వేగం నిమిషానికి 650 చుట్లు. రెండు చుట్లకు ఒకసారి పొగ విడుస్తుంది గనుక నిమిషానికి 325 సార్లు విడుస్తుంది. లోపలికి పోయే గాలి నిమిషానికి సుమారు 400 లీటర్లు. నిండు బరువు మీద నడిచేటప్పుడు అదే గాలి వేడికి ఉబ్బి రెట్టింపుకు మించి బయటకు వస్తుంది. అనగా నిమిషానికి 200 లీటర్ల పీపాలు నాలుగు నిండేటంత పొగ ఆ గొట్టంలోనుండి పోవలెను. అదీ ఏకధారగా కాదు, గుప్పుగుప్పున పోతుంది.

ఈ లెక్కలో రైతు గుర్తుంచుకొనవలసిన సంగతులు మూడు.

మొదటిది: గొట్టం పొడుగు రెట్టింపైతే పొగకు తగిలే అడ్డు రెట్టింపవుతుంది.

రెండవది: లావు తగ్గితే అడ్డు విపరీతంగా పెరుగుతుంది. లోపలి అడ్డుకొలత సగమైతే అడ్డు రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు కాదు, 32 రెట్లు. ఇదే సూత్రం మనకు మేలుగా కూడా పని చేస్తుంది. ఒకటిన్నర అంగుళాల గొట్టానికి బదులు రెండంగుళాల గొట్టం వేస్తే అడ్డు నాలుగో వంతు కంటె తక్కువకు దిగుతుంది. ఒకటిన్నర అంగుళాల గొట్టం 5 అడుగుల పొడుగులో ఎంత అడ్డు పెడుతుందో, రెండంగుళాల గొట్టం 20 అడుగులలో ఇంచుమించు అంతే పెడుతుంది.

మూడవది: ప్రతి వంపూ పొడుగుతో సమానమే. ఒకటిన్నర అంగుళాల ఎల్బో ఒకటి సుమారు నాలుగడుగుల తిన్నని గొట్టమంత అడ్డు పెడుతుంది. నాలుగు ఎల్బోలు బిగిస్తే పదహారు అడుగుల గొట్టం అదనంగా వేసినట్లే. ఎల్బోకు బదులు పొడుగు బెండు వాడితే ఇంత అడ్డు ఉండదు.

కాబట్టి నియమం ఇది: ఇంజను పొగ విడిచే నోరు ఎంత ఉన్నదో గొట్టం అంతకంటె సన్నంగా ఎక్కడా ఉండరాదు. సైలెన్సరు నుండి గొట్టం ఆరేడడుగులు దాటితే, లేదా రెండుకు మించి వంపులు ఉంటే, ఒక కొలత పెద్ద గొట్టం వేయవలెను. నోరు ఒకటిన్నర అంగుళాలైతే గొట్టం రెండంగుళాలు. పొడుగు ఇరవై అయిదడుగులు దాటితే రెండున్నర అంగుళాలు. ఇంజనుతో వచ్చిన పుస్తకంలో కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించవలెను.

మసి సంగతి మరవరాదు. ఒకటిన్నర అంగుళాల గొట్టంలో చుట్టూ అర్ధపావు అంగుళం మసి పేరుకుంటే మిగిలే దారి అంగుళంపావే. అడ్డు రెండున్నర రెట్లవుతుంది. కనుక ప్రతి పంటకాలానికి ముందు గొట్టం, సైలెన్సరు విప్పి మసి గీకించవలెను.

ఇంజనులో మార్పు చేయించినప్పుడు

పాత ఇంజను సిలిండరు రీబోరు చేయించినవారు ఇక లావు గొట్టం కావాలేమో అని అడుగుతూ ఉంటారు. అవసరం లేదు. నాలుగున్నర అంగుళాల సిలిండరును 40 వేయ్యవ వంతుల అంగుళం పెద్దది చేస్తే పొగ నూటికి రెండు వంతులైనా పెరగదు.

వేగం పెంచితే మాత్రం సంగతి వేరు. 650 చుట్ల ఇంజనును గవర్నరు స్ప్రింగు బిగించి 1000 చుట్లు తిప్పితే పొగ ఒకటిన్నర రెట్లు, గొట్టంలో అడ్డు రెండు రెట్లకు పైగా పెరుగుతాయి. అయితే దీనికి మందు లావు గొట్టం కాదు. ఆ పని చేయకుండుటే. పోత ఇనుప ఫ్లైవీలు దానికి నిర్ణయించిన వేగం దాటి తిరిగితే పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం కలదు. ఎక్కువ నీరు కావలెనంటే పెద్ద ఇంజను తెచ్చుకొనవలెను.

మరీ లావు గొట్టం వేస్తే?

పాత జీపులు, కార్లు బాగుచేయించి ఇంజనులో మార్పులు చేసుకొనేవారికీ ఇదే ప్రశ్న వస్తుంది. వారి చిక్కు వేరు. కారు ఇంజను వేగం క్షణక్షణానికి మారుతుంది. గొట్టం ఇరుకైతే పెద్ద వేగంలో బలం తగ్గుతుంది. మరీ లావైతే చిన్న వేగంలో పొగ మందగించి, ముందు పోయే పొగ వెనుకదానిని లాగే ఊపు పోతుంది. అందుచేత బండి ఎక్కువగా ఏ వేగంలో నడుస్తుందో చూచి మధ్యస్థమైన కొలత ఎన్నుకొంటారు. మన పంపు ఇంజను పొద్దస్తమానం ఒకే వేగంలో నడుస్తుంది. దానికి గొట్టం ఒక కొలత లావైనా నష్టం లేదు. మరీ లావైతే మాత్రం డబ్బు దండుగ, బరువు ఎక్కువ. పొగ చల్లారి తేమ, మసి కలిసి గొట్టంలో అంటుకొంటాయి.

గొట్టమే దోషమా అని తెలిసికొనుట

ఇంజను గట్టుమీద ఆరుబయట ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయవలెను. ముందు 200 లీటర్ల పీపా నిండడానికి ఎన్ని సెకండ్లు పట్టినదో గడియారం చూచి వ్రాసుకొనండి. ఇంజను ఆపి, చల్లారిన తరువాత సైలెన్సరుకు పైనున్న గొట్టం విప్పండి. మరల నడిపి పీపా నింపండి. నలుపు తగ్గి, పీపా త్వరగా నిండితే గొట్టమే దోషి. తేడా లేకపోతే గాలి వడపోత, నాజిలు, వాల్వులు చూపించండి. గొట్టం మార్చి లాభం లేదు.

అమర్చేటప్పుడు గొట్టం బరువు ఇంజనుపై పడకుండా గుంజకు కట్టవలెను. తాటాకు, గడ్డి కప్పుకు గొట్టం తగలరాదు. వాననీరు లోనికి దిగకుండా పైన మూత, అడుగున నీరు తీసే మరకట్టు ఉండవలెను. ఇంజను దగ్గర జింకు పూసిన పైపుకంటె నల్ల ఇనుప పైపు మేలు. వేడికి జింకుపూత నిలువదు.

బావిలో దించిన ఇంజను

పంపు నీటిని పీల్చగల లోతుకు మితి ఉన్నది. లెక్కప్రకారం 34 అడుగులు. ఆచరణలో ఇరవై అడుగుల పైచిలుకు మాత్రమే. అందుచేత ఎండాకాలం నీరు దిగిన కొలదీ కొందరు రైతులు ఇంజనును కూడా బావిలోని మెట్టుపైకి దించుతారు. పొగ పైకి పోవడానికి చేతికి దొరికిన సన్న గొట్టం తగిలిస్తారు. ఆ గొట్టంలో ఒత్తిడి పెరిగి ప్రతి అతుకు నుండి పొగ బావిలోకే కారుతుంది. ఇంజను ఆ పొగనే మరల పీల్చుకొని ఇంకా చెడ్డ పొగ విడుస్తుంది.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా రక్తాన్ని పట్టుకొంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. తరువాత కాళ్లలో సత్తువ పోయి మనిషి మెట్లు ఎక్కలేడు. ఇంజను ఆపినా ఆ గాలి బావిలో చాలాసేపు నిలిచి ఉంటుంది. దీపం దించి చూచుట పాత అలవాటు. దీపం ఆరితే ప్రాణవాయువు లేదని తెలుస్తుంది. ఆరనంత మాత్రాన ఈ విషవాయువు లేదని కాదు.

కాబట్టి ఇంజను గట్టుమీదనే ఉంచండి. నీరు అందకపోతే ఇతర ఏర్పాటు చూచుకొనండి. లావు గొట్టం వేసినా ఇంజను నడుస్తున్న బావిలోకి ఎవరినీ దింపరాదు. ఇప్పటికే దించి ఉన్నవారు దానిని పైకి తీసేవరకు నూనె ఆపే మీటకు తాడు కట్టి గట్టుమీదనుండే ఆపేటట్లు చేసికొనవలెను.

గ్రామాధికారులు ఎండాకాలం రాకముందే తమ ఊరిలో ఏ బావిలో ఇంజను దించి ఉన్నదో చూచి ఆ రైతులను హెచ్చరించవలెను. బావిలో ఎవరైనా పడిపోతే వెంటనే దిగరాదని కూడా చెప్పవలెను. అన్నను తీయబోయిన తమ్ముడు, తమ్మునికై దిగిన పొరుగువాడు వరుసగా పడిపోయేది ఈ తొందరలోనే. ఇంజను ఆపి, 101కు, 108కి కబురు చేసి, స్పృహ ఉన్నవానికి పైనుండి తాడు అందించవలెను.

గొట్టం కొనేముందు ఇంజను నోరు కొలవండి, పొడుగు కొలవండి, వంపులు లెక్కపెట్టండి. పావుగంట పని. దానితో నూనె మిగులుతుంది, ఇంజను మన్నుతుంది, మనిషి సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరుతాడు.