అవక్షేప విషపరీక్ష

నదీముఖద్వారాల అడుగున పేరుకొన్న బురదలో చిన్న సముద్రజీవులను కొన్నాళ్ళు ఉంచి, ఎన్ని బ్రతికాయన్నదానిని బట్టి ఆ బురద విషపూరితమో కాదో నిర్ణయించే పరీక్షను అవక్షేప విషపరీక్ష అంటారు. లోహాలు, నూనెలు, పురుగుమందుల అవశేషాలు ఒండ్రు రేణువులకు అంటుకొని అడుగుకు చేరతాయి. పైనీరు తేటపడినా బురద వాటిని ఏళ్ళ తరబడి దాచుకొంటుంది.

కిలో బురదలో ఎంత జింకు ఉన్నదో రసాయన విశ్లేషణ చెప్పగలదు. అది ప్రాణికి హాని చేస్తుందా అన్నది చెప్పలేదు. ప్రాణవాయువు లేని నల్లబురదలో జింకు, సీసం వంటివి సల్ఫైడుతో కలిసి కరగని రూపంలో ఉంటాయి, జీవుల శరీరంలోకి అంతగా చేరవు. అదే బురదను త్రవ్వి తీస్తే సల్ఫైడు ఆక్సీకరణం చెంది లోహం విడుదల కావచ్చు. రేవులలో పూడిక తీసి సముద్రంలో పారబోసే ముందు ఈ పరీక్ష అవసరమయ్యేది అందుకే.

పద్ధతి

ఎక్కువగా ఆంఫిపాడ్లను వాడతారు. ఇవి రొయ్యల జాతికి దగ్గరివి. కొన్ని మిల్లీమీటర్ల పొడవుండి బురదలోనే నివసిస్తాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1994లో ప్రచురించిన పద్ధతిలో లీటరు గాజుపాత్రలో 2 సెంటీమీటర్ల మందాన బురద పరచి, పైన సముద్రపునీరు పోసి, 20 జీవులను వదలి 10 రోజులు ఉంచుతారు. నీటిలోకి గాలి పంపుతూ ఉంటారు. ఆపైన జల్లెడ పట్టి బ్రతికినవాటిని లెక్కిస్తారు. పోలికకు శుభ్రమైన బురదతోనూ ఇలాగే చేస్తారు. అందులో సగటున 90 శాతం బ్రతకనిచో పరీక్ష చెల్లదు.

చావుకు కారణం విషమే కానక్కరలేదు. సహజంగా పుట్టే అమ్మోనియా చంపవచ్చు. ఇసుకలో పెరిగే జాతి మెత్తని బురదకే తాళలేకపోవచ్చు. పై పద్ధతిలోని కొన్ని జాతులను 15 డిగ్రీల సెల్సియస్ వద్ద పరీక్షిస్తారు. బంగాళాఖాతపు వెచ్చని తీరానికి స్థానిక జాతులే తగినవి.

విశాఖపట్నం

1933లో ప్రారంభమైన విశాఖపట్నం లోపలి నౌకాశ్రయాన్ని మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడినేలను త్రవ్వి నిర్మించారు. తరువాత ఆ చుట్టుపక్కల చమురుశుద్ధి, ఎరువులు, జింకు కర్మాగారాలు వెలిశాయి. ఊరి మురుగూ అందులోకే చేరింది. 1970లలో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు అక్కడి బురదలోని కాపిటెల్లా కాపిటేటా అనే పురుగును కాలుష్య సూచికగా గుర్తించారు. అయితే మిగిలిన జీవులు ప్రాణవాయువు చాలక పోయాయా, లోహాల వలన పోయాయా అన్నది ఆ పురుగు చెప్పదు. గాలి అందే గాజుపాత్రలోనూ జీవులు చస్తే ప్రాణవాయువు కొరతను కారణాలలో నుండి తొలగించవచ్చు.

మంచినీటి బురదకు సముద్రజీవులు పనికిరావు. పటాన్‌చెరు వ్యర్థజలాలు చేరిన నక్కవాగు, అది కలిసే మంజీర నది వంటిచోట్ల హయాలెల్లా అజ్టెకా అనే మంచినీటి ఆంఫిపాడ్ గానీ, కైరోనొమిడ్ ఈగల డింభకాలు గానీ వాడవలసి ఉంటుంది.