ఇంజను ఉండగా తెరచాప ఎందుకు?

భీమునిపట్నం దాటి ఉత్తరంగా పోయే తీరంలో మా సంఘానికి చెందిన మత్స్యకార కుటుంబం ఒకటి ఉంది. పోయిన చలికాలంలో ఆ ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు, ఇంటర్మీడియట్ చదువుతున్న మనవడు అరుగు మీద కూర్చొని సెల్‌ఫోనులో ఏదో చూస్తున్నాడు. నేనూ తొంగి చూశాను. నీలాల నీళ్లు, తెల్లని పెద్ద పడవ, అందులో భార్యాభర్తలు, ఒక పసివాడు. ఆమె పడవలోనే రొట్టె కాలుస్తోంది. ఆయన తాడు లాగి తెరచాప ఎత్తుతున్నాడు.

పక్కనే నులక మంచం మీద తాతగారు కూర్చొని ఉన్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. చాప కట్టిన తెప్ప మీద వేటకు వెళ్లటంతో మొదలుపెట్టి, తరువాత ఫైబరు పడవకు మోటారు బిగించుకొని, చివరకు మోకాళ్లు సహకరించక మానుకున్న మనిషి. ఆయన కూడా కాసేపు ఆ బొమ్మ కేసి చూశారు.

“దానికి ఇంజిను లేదేటిరా?” అని అడిగారు.

“రెండున్నాయి తాతా” అన్నాడు మనవడు.

ఆయన నావైపు తిరిగి, “ఇంజినుండగా ఈళ్లు సాప ఎందుకెత్తుతున్నారండి అయ్యగారూ?” అన్నారు.

నేను వెంటనే సరైన జవాబు చెప్పలేకపోయాను. నూనె ఖర్చు తగ్గించుకోవటానికి కాబోలు అని తప్పించుకున్నాను. ఆ తరువాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చదివి, చూసి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఆ పడవ పేరు గమనించండి. దానిని ప్రపంచమంతా కెటమరాన్ అంటుంది. అది మన పొరుగువారి మాటే. తమిళంలో కట్టుమరం అంటే కట్టిన మానులు. మానులను తాళ్లతో కట్టి నీటి మీదికి తోసే ఆ సాధనాన్నే మనం తెప్ప అంటాం. 17వ శతాబ్దం చివర విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు తన యాత్రా గ్రంథంలో దీనిని గురించి రాశాడు. అయితే ఇప్పటి కెటమరాన్ తెప్పను పోలి ఉండదు. రెండు సన్నని పడవ డొప్పలను పక్కపక్కన నిలిపి, మధ్యలో వంతెనలాగా తట్టు వేసి కలిపితే అది అవుతుంది. ఈ రూపం పసిఫిక్ ద్వీపవాసులది. పేరు మన తీరం నుండి, రూపం వారి తీరం నుండి వెళ్లి ఒకటయ్యాయి. 1876లో న్యూయార్కు పందెంలో నెథనేల్ హెరెషాఫ్ తాను చేసిన జంట పడవతో మామూలు పడవలన్నిటినీ వెనక్కు నెట్టాడు. దానితో ఆ రకం పడవను అటువంటి పందెాలలోకి రానివ్వలేదట! కొత్తది గెలిస్తే పెద్దలకు ఎప్పుడూ కష్టమే.

ఇక అసలు విషయం. అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా దేశాలలో ఉద్యోగం నుండి విరమించినవారు, కొందరు నడివయసులోనే ఇల్లు అమ్ముకున్నవారు, పడవనే ఇల్లుగా చేసుకొని తిరగటం ఉన్నదే. వారిలో కొందరు మోటారు పడవతో మొదలుపెడతారు. అది తేలిక. తాళం తిప్పితే కదులుతుంది, కారు నడిపినవాడికి త్వరగా అలవాటవుతుంది. మోటారు పడవలవారు, తెరచాపవారు రెండు తెగలన్నట్టు ఉంటారు. అమెరికాలో అనాపొలిస్ పట్టణంలో ఏటేటా జరిగే పడవల ప్రదర్శనను కూడా వారికి ఒక వారాంతం, వీరికి ఒక వారాంతం పెడతారు.

మరి ఒక తెగ విడిచి మరొక తెగలోకి ఎందుకు వెళతారు? మొదటి కారణం, నేను తాతగారికి చెప్పినదే, నూనె. చిన్న లెక్క చూడండి. ఐరోపావారు అట్లాంటిక్ దాటాలంటే కెనరీ ద్వీపాల నుండి వెస్టిండీస్‌కు సుమారు 2,700 నాటికల్ మైళ్లు. నెమ్మదిగా, గంటకు 7 నాటికల్ మైళ్లు నడిచే మోటారు పడవకు 386 గంటలు, అంటే పదహారు రోజులు పడుతుంది. గంటకు 10 లీటర్ల డీజిలు తాగినా 3,860 లీటర్లు కావాలి. వేగంగా ఎగిరిపోయే రకం పడవలైతే ఇంతకు ఎన్నో రెట్లు తాగుతాయి. అంత నూనె మోయగల పడవలు తక్కువ. అందువలన మామూలు మోటారు పడవకు సముద్రం ఒడ్డు వెంట సాగే దారి మాత్రమే. గాలికి అటువంటి హద్దు లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ తూర్పు నుండి పడమరకు నిలకడగా వీచే గాలులుంటాయి. వెన్న కరిగేదాకా దక్షిణానికి పోయి, అప్పుడు పడమరకు తిరగమని నావికుల పాత మాట.

రెండవ కారణం ఇంటి ఇల్లాలిది అని చెప్పవచ్చు. ఒకే డొప్ప ఉన్న తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. పొయ్యి మీద గిన్నె నిలవదు, పడుకున్నవారు గోడకు జారతారు. మోటారు పడవలో చదునుగా బ్రతికినవారికి అది సరిపడదు. జంట పడవ ఒరగదు. వంటిల్లు పైన వెలుతురులో ఉంటుంది. రెండు ఇంజన్లు రెండు పక్కలా ఉండటంతో రేవులో తిప్పటం సులువు. నాలుగడుగుల లోతు నీరుంటే చాలావాటికి చాలు. మోటారు సుఖం వదలకుండా గాలిని వాడుకోవచ్చునని వారి ఆశ.

ఆశలో కొంత నిజం ఉంది, కొంత లేదు. పిల్లలు చూసే ఆ అందమైన బొమ్మలలో లేని భాగం ఇక్కడ చెప్పాలి. ఒరిగే పడవ ఒక విధంగా మంచి స్నేహితుడు. గాలి ఎక్కువైందని ఒరిగి చెబుతుంది. జంట పడవ చెప్పదు. చదునుగా, హాయిగా ఉన్నట్టే ఉండి, భారమంతా తాళ్ల మీద, తెరచాప కొయ్య మీద పడుతూ ఉంటుంది. అందుకని కొలత సాధనం చూసుకొని, గాలి వేగం 20 నాట్ల దగ్గరకు రాగానే చాపను ఒక మడత కుదించాలి. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. కుదించాలా వద్దా అనే అనుమానం మొదటిసారి వచ్చినప్పుడే కుదించమని పెద్దలు చెబుతారు. జంట పడవ బోర్లా పడటం అరుదు. పడితే మాత్రం తనంతట తాను లేవదు, బోర్లానే తేలుతుంది. పెద్ద అలలకు మధ్య తట్టు కింద నీళ్లు సమ్మెటతో కొట్టినట్టు కొడతాయి, రాత్రి నిద్ర పట్టదు. వెడల్పు ఎక్కువ కాబట్టి రేవులో అద్దె కూడా ఎక్కువ.

కొయ్య సంగతి మరొకటి. మోటారు పడవలో వంతెన కింద నుండి తల వంచుకొని పోయినట్టు పోయినవారు ఇప్పుడు కొయ్య ఎత్తు కొలుచుకోవాలి. అమెరికా తూర్పు తీరపు లోపలి జలమార్గంలో కదలని వంతెనలు ఎక్కువగా 65 అడుగుల ఎత్తు. మయామీ దగ్గర ఒకటి మాత్రం 56 అడుగులే. ఆ తొమ్మిది అడుగుల తేడా వలన ఎన్నో పడవలు అక్కడ సముద్రంలోకి చుట్టు తిరిగి పోతాయి.

కానీ వీటన్నిటికంటె పెద్ద మార్పు మరొకటి. మోటారు పడవలో, సముద్రం మరీ మొండికేస్తే తప్ప, ప్రయాణం ఎప్పుడన్నది యజమాని చేతిలో ఉంటుంది. తెరచాప పడవలో అది గాలి చేతిలో ఉంటుంది. చుట్టాలు వస్తామంటే తెరచాపవారు ఒక మాట చెబుతారు: మేమెక్కడుంటామో అడగండి, లేదా ఎప్పుడుంటామో అడగండి, రెండూ అడగవద్దు.

2019లో జరిగినది దీనికి మంచి ఉదాహరణ. స్వీడన్ బాలిక గ్రేటా థన్‌బర్గ్ విమానం ఎక్కనని పట్టుబట్టి, ఆగస్టులో తెరచాప పడవ మీద అమెరికా వచ్చింది. చిలీలో జరగవలసిన వాతావరణ మహాసభ హఠాత్తుగా స్పెయిన్‌కు మారింది. తిరిగి అట్లాంటిక్ దాటాలి. రైలీ వైట్‌లమ్, ఎలైనా కరౌసు అనే ఆస్ట్రేలియా జంట తమ కెటమరాన్ లా వేగబాండ్‌లో తీసుకువెళతామన్నారు. ఈ జంట కథ తెలిసినవారు చాలామంది. ఆయన చమురు బావుల మీద పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 2014లో ఇటలీలో పాత ఒంటి డొప్ప పడవ కొన్నాడు. తరువాత కెటమరాన్‌కు మారారు. తమ జీవితాన్ని చిత్రీకరించి వారం వారం యూట్యూబులో చూపించి పేరు పొందారు. అప్పటికి వారి బిడ్డకు పదకొండు నెలలు. నికీ హెండర్సన్ అనే అనుభవజ్ఞురాలైన నావికురాలిని కూడా తోడు తీసుకొని, నవంబరు 13న వర్జీనియాలోని హాంప్టన్ నుండి బయలుదేరారు. ఆ కాలంలో ఉత్తర అట్లాంటిక్ మంచిది కాదు. మహాసభ డిసెంబరు 2న మొదలైంది. పడవ లిస్బన్ చేరింది డిసెంబరు 3న. ప్రపంచ దేశాల ప్రతినిధులు కూర్చున్నా గాలి తన తీరునే వీచింది.

ఇక చిత్రీకరణ సంగతి. సముద్రంలో కెమెరా పట్టటం కొత్త కాదు. 1929లో ఇర్వింగ్ జాన్సన్ అనే యువకుడు పెకింగ్ అనే పెద్ద తెరచాప ఓడలో కేప్ హార్న్ చుట్టి వస్తూ, తుఫానులో అలలు ఓడ మీదుగా దొర్లటాన్ని కొయ్య ఎక్కి మరీ చిత్రీకరించాడు. ఆ బొమ్మలు నేటికీ ఉన్నాయి. లారా డెకర్ అనే డచ్చి బాలిక 2010 నుండి 2012 వరకు ఒంటరిగా ప్రపంచం చుట్టి, తాను తీసుకున్న చిత్రాలతో 2013లో ఒక సినిమా వచ్చేటట్టు చేసింది. వారెవ్వరి కోసమూ వచ్చే వారం ఎవరూ ఎదురు చూడలేదు. ఇంటికి చేరాకనే చూపించారు.

ఇప్పటివారి సంగతి వేరు. పడవ మరమ్మతులకు, నూనెకు, తిండికి ఆ చిత్రాలే ఆధారం. ప్రకటనల మీద వచ్చేది కొంత, 2013లో మొదలైన పేట్రియాన్ వంటి చోట్ల అభిమానులు నెలనెలా పంపేది కొంత. ఇరవై నిమిషాల భాగం తయారు చేయటానికి ఎన్నో గంటలు కూర్చోవాలి. ఉప్పునీటికి కెమెరాలు పాడవుతాయి. గాలి హోరుకు మాట వినపడదు. పైనుండి తీసే డ్రోన్ కూడా తిప్పలే. దానికి వెనక్కు రమ్మని చెబితే, తాను ఎగిరిన చోటికి వస్తుంది. ఈలోగా పడవ ముందుకు సాగిపోతుంది. అది వచ్చి దిగేది సముద్రంలో! అందుకే ఒకరు చేతులు చాచి దానిని పట్టుకుంటారు. 2022లో స్టార్‌లింక్ ఓడలకు వచ్చేవరకు నడిసముద్రం నుండి చిత్రాలు పంపటం కష్టమే. తీరం చేరి, ఏదో కాఫీ హోటలులో కూర్చొని పంపేవారు.

నాకు వింతగా తోచినది ఇదే. తొందర వద్దని ఇంజను ఆపినవారు, వారం వారం తప్పని గడువును తామే నెత్తిన పెట్టుకున్నారు. తెరచాప పడవలో అన్నిటికంటె ప్రమాదమైన వస్తువు క్యాలెండరు అని నావికులే అంటారు. గాలి బాగాలేదు, ఆగుదామని ఒకరు అంటే, చూపించటానికి ఏమీ లేదు, కదులుదామని మరొకరు అనవలసి వస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో మీరే ఊహించండి. అందరూ అలా చేస్తారని కాదు. జేసన్, నిక్కీ విన్ అనే అమెరికా దంపతులు కొన్నేళ్లు మోటారు బండిలోనే కాపురముండి రోడ్ల మీద తిరిగి, 2015లో కెటమరాన్‌కు మారారు. తెరచాప సంగతి అప్పుడే నేర్చుకుంటూ, చేసిన పొరపాట్లను కూడా దాచకుండా చూపించారు. పొరపాటు చూపించేవారి దగ్గర పిల్లలు నేర్చుకునేది ఉంటుంది. కానీ కెమెరా ముందు భార్యను ఏమన్నాడో, కెమెరా ఆపాక ఏమన్నాడో మనకు తెలియదు. పసిబిడ్డ ఏడుపును లోకమంతా చూడవచ్చునా అని ఆ బిడ్డను ఎవరూ అడగలేదు. ఈ విషయంలో మన ఇళ్లు కూడా తక్కువ తినలేదు. పెండ్లి విందులో అన్నం చల్లారిపోయేదాకా ఫోను పట్టుకునేవారు మనలోనూ ఉన్నారు.

రెండు వారాల తరువాత మళ్లీ ఆ ఊరు వెళ్లాను. తాతగారికి నేను తెలుసుకున్నదంతా చెప్పాను. ఓపికగా విన్నారు. “మాకు మోటారు వచ్చాకనే చేప చెడకుండా బేరానికి అందిందండి. గాలి పడిపోయిందంటే రాత్రంతా నీళ్ల మీదనే. ఇంటికాడ ఆడోళ్లు దీపం పెట్టుకొని ఒడ్డున కూసునేవోరు. ఈళ్లకి చేప అమ్మే పని లేదు కదా” అన్నారు. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు, అది నిజం కాబట్టి.

మనవడు మళ్లీ ఆ బొమ్మలు పెట్టాడు. ఈసారి వాన మబ్బు కింద తెరచాప నిండుగా ఉబ్బి ఉంది, ఆ భర్త నవ్వుతూ కెమెరాతో మాట్లాడుతున్నాడు. తాతగారు ఫోను చేతిలోకి తీసుకొని, కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూశారు.

“మాటలాపి సాప దింపమనరా ఆణ్ణి. ఆ మబ్బులో గాలుంది” అన్నారు.