నిప్పు రవ్వ లేని వెల్డింగ్

వెల్డింగ్ అనగానే కళ్లు చెదిరే మెరుపు, ఎగిరిపడే రవ్వలు, మొహానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం గుర్తొస్తాయి. అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌లో అవేవీ ఉండవు. రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి, గట్టిగా నొక్కిపట్టి, సెకనుకు 20,000 సార్లు అటూ ఇటూ రుద్దుతారు. ఆ కదలిక మిల్లీమీటరులో వందో వంతో, రెండు మూడు వందో వంతులో, అంతే! చాలా రేకులకు సెకను కూడా పట్టదు. లోహం కరగదు.

★ కరగకుండా ఎలా అతుకుతాయి? నిజానికి, శుభ్రమైన లోహపు ముఖాలు ఒకదాన్నొకటి పూర్తిగా తాకితే అతుక్కుపోతాయి. 1724లోనే డెసాగులియే అనే శాస్త్రవేత్త రెండు సీసపు గుండ్లను కొద్దిగా చెక్కి, నొక్కి, మెలితిప్పి, అంటించి చూపించాడు. మామూలుగా ఈ కలయికను చెడగొట్టేది పైనున్న ఆక్సైడ్ పొర. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. దాని ఆక్సైడ్ కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. మంటతో అల్యూమినియాన్ని అతికేవాళ్లను విసిగించేది ఇదే. అల్ట్రాసోనిక్ పద్ధతి ఆ పొరను కరిగించే జోలికే పోదు. పీచుతో అంట్లు తోమినట్టు దాన్ని చిట్లగొట్టి, పక్కకు నెట్టేస్తుంది.

★ రాగినీ అల్యూమినియాన్నీ కరిగించి కలిపితే మధ్యలో పెళుసు సమ్మేళనాలు పుడతాయి. అతుకు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, పగుళ్లివ్వడానికి ఎక్కువ సమయం పట్టదు. లిథియం అయాన్ బ్యాటరీకేమో రెండూ కావాలి: ఒక ధ్రువానికి రాగి రేకు, రెండోదానికి అల్యూమినియం రేకు. అందుకే బ్యాటరీ కర్మాగారాల్లో పలుచని రేకులను కట్టగా చేర్చి ఈ కంపనాలతోనే అతుకుతారు.

★ చాలా చిప్‌లలో వెంట్రుక కంటే సన్నటి తీగలను అతికించేదీ ఇదే కంపనం.

★ ప్లాస్టిక్‌కు ఈ విద్య అబ్బింది అనుకోకుండా. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ సోలోఫ్ అనే ఆయన చేతిలోని అల్ట్రాసోనిక్ పరికరం బల్ల మీదున్న టేప్ డబ్బాకు తగిలి, దాని రెండు సగాలూ అతుక్కుపోయాయి. అయితే ప్లాస్టిక్ మాత్రం కరిగే అతుకుతుంది.

★ అసలు వింత లోహపు వస్తువులను పొరలుపొరలుగా కట్టే దగ్గరుంది. మిషిగన్‌లో డాన్ వైట్ అనే ఇంజినీరు ఈ కంపనాన్ని దొర్లే చక్రానికి ఎక్కించారు. చక్రం అంగుళం వెడల్పున్న, కాగితంకంటే కాస్త మందమైన లోహపు పట్టీలను ఒకదాని మీద ఒకటి అతుకుతూ పోతుంది. మధ్యమధ్యలో అదే యంత్రం మిల్లింగ్‌తో అనవసరమైన చోట చెక్కేస్తుంది. అల్యూమినియం మీద రాగి, దాని మీద మళ్లీ అల్యూమినియం, కావాలంటే నడుమ టైటానియం! వేడి తక్కువ కాబట్టి లోపల ఆప్టికల్ ఫైబర్లు, సెన్సర్లు మాడిపోకుండా పాతిపెట్టవచ్చు. లోహపు దిమ్మె తన లోపలి ఒత్తిడిని తానే చెప్పుకోగలదన్నమాట. ఓహాయోలోని ఫాబ్రిసోనిక్ సంస్థ ఈ పద్ధతిలోనే, లోపల ద్రవం పారే కాలువలతో, నాసా కోసం ఉష్ణ వినిమాయకాలు చేసింది.

★ దీనికీ ఓ బలహీనత ఉంది. సన్నగోడలా కట్టుకుంటూ పోతే, ఎత్తు వెడల్పును అందుకునేసరికి గోడ కూడా చక్రంతో పాటే ఊగడం మొదలెడుతుంది. రెండూ కలిసి ఊగితే రాపిడి ఉండదు, పై పట్టీ అంటదు. అప్పుడు పక్కన ఆధారం పెట్టి గోడను కదలకుండా పట్టుకోవాల్సిందే.