పిల్లలకొక మడి

మన సంఘ సభ్యులలో ఆకుకూరలు పండించి అంగడికి పంపువారు పెక్కుమంది గలరు. ఆ ఇండ్లలోనే పిల్లలు కంచములో కూర కనబడినయెడల దానిని ప్రక్కకు నెట్టివేయుదురు. ఈ విషయమై నేను పాఠశాలలలో పలుమారు ఉపన్యసించితిని. పిల్లలు శ్రద్ధగా వినిరి; ఇంటికి పోయి ఎప్పటివలెనే కూరను విడిచిరి. ఇది మాటలతో అయ్యెడి పని కాదని నాకు తెలియుటకు కొన్ని సంవత్సరములు పట్టినది.

తన చేతితో విత్తి పెంచిన దానిని తినుటకు పిల్లవాడు వెనుదీయుట అరుదు. కావున ఏడెనిమిదేండ్లు నిండిన ప్రతి బిడ్డకును పెరటిలో 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల మడి నొకదానిని ఇయ్యుడు. వెడల్పు అంతకు మించినచో చిన్న చేయి నడిమికి అందక, పిల్లలు మడిలో కాలు పెట్టి మన్ను త్రొక్కుదురు. ఆడపిల్లలకును వేరుగ మడి ఉండవలెను. బాగుగ చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు వేసి, మొదట తోటకూర చల్లింపుడు. గింజ మిక్కిలి సన్నము గనుక పొడి ఇసుకతో కలిపి చల్లవలెను. చీమలు గింజలను మోసికొని పోకుండ మడి చుట్టు గుప్పెడు నూక చల్లుట మన పెద్దలెరిగిన ఉపాయమే. కొలది దినములలో మొలక కనబడును. 25 మొదలు 30 దినములలో కూర చేతికి వచ్చును. పిల్లల ఓర్పు అంతకంటె ఎక్కువ కాలము నిలువదు. వంగతో మొదలు పెట్టినవారి మడులు నెల తిరుగక మునుపే కలుపు పాలగుట చూచితిని.

తోటకూర తీసిన మడిలోనే పిమ్మట బొబ్బర్లు పెట్టింపుడు. 40 దినములైన తరువాత ఒక మొక్కను పెరికివేయక, పారతో మట్టిపెళ్లతో గూడ ఎత్తి, నీటిలో మెల్లగ కడిగి చూపుడు. వేళ్లకు చిన్న బుడిపెలు కనబడును. గోటితో చిదిపినచో లోపల ఎర్రగ నున్నయెడల, అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరునకు అందించుచున్నవని తెలియవలెను. పిల్లలకు చూపబోయి తామే ఆశ్చర్యపడిన రైతులను నేనెరుగుదును.

పాఠశాలలలో పోషకాహారపు తోటలు వేయుటకు భారత ప్రభుత్వము 2019లో సూచనలు ప్రకటించినది. మంచిదే. కాని నేను చూచిన యొక బడితోటలో, ఆలస్యముగ వచ్చిన పిల్లలకు నీరు తోడుట శిక్షగా నుండెను. పండిన కూర ఎవరింటికి పోయెడిదో ఆ పిల్లలెరుగరు. నా చిన్నతనమున గూడ తప్పు చేసినవానికే పార చేతికిచ్చెడివారు. ఆ పార మీది రోత నన్ను చాల కాలము విడువలేదు.

కూరను పిల్లల చేతనే కడిగింపుడు. కడిగిన పిమ్మటనే తరుగవలెను. తరిగి కడిగినచో సారము నీటితో పోవును. కొద్ది నీటితో మూతపెట్టి ఉడికించి, ఆ నీటిని పారబోయకుడు. చెంచాడు నూనె తప్పక చేర్పవలెను. ఆకుకూరలో నుండి రేచీకటిని నివారించు సత్త్వము, కొవ్వు తోడు లేనిదే ఒంటికి బాగుగ పట్టదు. దింపిన తరువాత నిమ్మరసము పిండినచో అందలి ఇనుము శరీరమునకు ఎక్కువగ అందును.

ఈ మడులలో పురుగుమందు వాడరాదు. పురుగు పట్టిన ఆకులను ఏరివేసిన చాలును. పిల్లవాడు మరచి మడిని ఎండబెట్టినయెడల తండ్రి చాటుగ నీరు పోయరాదు. ఎండనిండు, మరల గింజలిచ్చి విత్తింపుడు. తోటకూర, బొబ్బర్ల విత్తనములు కావలసిన సభ్యులు సంఘ కార్యదర్శికి ముందుగ తెలుపవలెను.