వార్తాభాషయందు సైనికవిమానములు

మాండలిక పదసేకరణకై మేము 2023 డిసెంబరు మొదటి వారమున ఖమ్మము జిల్లాలోని ఏన్కూరు ప్రాంతమున తిరుగుచుంటిమి. తల్లాడ మీదుగా కొత్తగూడెమునకు పోవు త్రోవలో, పొలములు తగ్గి అడవి మొదలగు చోటనున్న మండల కేంద్రమిది. ఆ నెల 4వ తేదీ ఉదయమున ఒక టీకొట్టులో కూర్చుండియుండగా, మెదక్ జిల్లాలో యుద్ధవిమానము కూలినదని టెలివిజనులో వార్త వచ్చినది. మా ప్రక్కనున్న వృద్ధుడు మా వంక తిరిగి, "యుద్ధమేమన్న మొదలయ్యిందా సారూ?" అని యడిగెను. కొంతసేపటికి ఆ వార్తయే మారి, కూలినది శిక్షణ విమానమని తెలిసినది. "యుద్ధం కాదు పెద్దాయనా, పిల్లలు నేర్చుకునే విమానం" అని మాలో నొకరు చెప్పగా, "మరి ముందుగాల యుద్ధమని ఎందుకన్నరు?" అని ఆయన మరల నడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు మూలము.

నాడు కూలినది పిలాటస్ పి.సి.-7 మార్క్ 2 అను విమానము. స్విట్జర్లండు దేశపు తయారీ. దుండిగల్లులోని వాయుసేన అకాడమీలో క్రొత్తగా చేరిన వారికి తొలిపాఠములు చెప్పుటకు దీనిని వాడుదురు. తూప్రాన్ మండలమున రావెల్లి గ్రామ సమీపమున అది నేలకూలగా, శిక్షకుడును శిక్షణార్థియు ఇరువురును మరణించిరి. దీనిని యుద్ధవిమానమనుట బడిపిల్లవాని పలకను తామ్రశాసనమనుట వంటిది. 'జెట్ విమాన'మనుట మరియొక పొరపాటు. ఇది ముక్కుకడ పంకా తిరుగు విమానము. జెట్టనునది ఇంజను రకమునకు పేరే కాని, విమానముచేయు పనికి పేరు కాదు. 2017 సెప్టెంబరులో కీసర దగ్గరను, 2018 నవంబరులో యాదగిరిగుట్టకు సమీపమున బాహుపేట దగ్గరను కూలిన కిరణ్ విమానములు జెట్ విమానములే. అయినను అవియు శిక్షణకు ఉద్దేశింపబడినవే.

సైనికవిమానమనునది జాతి, యుద్ధవిమానము అందొక భేదము. శత్రువిమానములతో పోరునవి, బాంబులు వేయునవి, మనుష్యులను సామగ్రిని మోయునవి, నిఘాకు తిరుగునవి, చదువు చెప్పునవి, హెలికాప్టరులు అని సైనికవిమానములు పలు తెగలు. వీనిలో మొదటి రెండింటికే యుద్ధవిమానమను పేరు తగును. మన వార్తలలో ఆ మాట జాతివాచకమై కూర్చున్నది. ఆంగ్లమునందును విలేఖరులు ఈ పొరపాటు చేయుచునే యుందురు. అయితే ఆంగ్లములో వచ్చిన వార్తను తెలుగు చేయు ఉపసంపాదకుడు, అచట సరిగనున్న మాటను గూడ శీర్షికలో ఊపుకొరకు యుద్ధవిమానముగా మార్చుట తరచు కనబడును. అది అనువాద దోషము కాదు, రుచి దోషము.

విమానశబ్దమునకు మనలో పూర్వచరిత్ర యున్నది. పుష్పకము మొదలుకొని దేవతల వాహనముల కది పేరు. గర్భాలయముపై లేచిన కట్టడమునకును అదియే పేరు. భద్రాచలమునకు పోవు యాత్రికునకు విమానమనగా నేటికిని ఆ రెండవ యర్థమే ముందు తోచవచ్చును. ఇరువదవ శతాబ్దిలో ఆ మాటను యంత్రమునకు వాడిన పత్రికాకారులు మంచి పని చేసిరి. వచ్చిన చిక్కంతయు దానికి ముందు చేర్చు విశేషణములలోనే.

విశేషణములలో 'ఆర్మీ' అనునది మిక్కిలి చిక్కులు తెచ్చుచున్నది. ఆంగ్లమున ఆ మాటకు పదాతి మొదలగు భూసేన యని యర్థము. తెలుగు వాడుకలో అది మూడు దళములకును సాధారణనామ మైనది. 'మావాడు ఆర్మీలో ఉన్నాడు' అని చెప్పు తల్లికి కొడుకు వాయుసేనలోనున్నను నౌకాసేనలోనున్నను భేదము లేదు. ఇంటి మాటగా ఇది తప్పు కాదు. వార్తలోనికి వచ్చినపుడు మాత్రము తప్పే. 2021 డిసెంబరు 8న నీలగిరులలో కూనూరు సమీపమున హెలికాప్టరు కూలి, త్రిదళాధిపతి బిపిన్ రావత్ మొదలగువారు మరణించినపుడు తొలి వార్తలలో ఆర్మీ హెలికాప్టరను మాటయే వచ్చినది. అది వాయుసేనకు చెందిన మి-17 వి-5. సూలూరు వాయుసేన స్థావరమునుండి వెల్లింగ్టనుకు పోవుచుండెను. అందున్న 14 మందిలో 13 మంది ఆనాడే మరణించిరి. తక్కిన యొకరు డిసెంబరు 15న మరణించిరి. మృతులలో చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ ఒకడుండెను. సంఖ్యలు గంటగంటకు మారుచుండగా, ఎవరి హెలికాప్టరు, ఎచటినుండి ఎచటికి పోవుచున్నది అను రెండు సంగతులైనను స్థిరముగ చెప్పియున్నచో, ఇంటిలోని వారికి తమవాడు అందుండెనో లేదో ఊహించుటకు కొంత ఆధారముండెడిది. భూసేనకు వేరుగ వైమానిక విభాగము 1986 నవంబరు 1న ఏర్పడినది. దానికి తనవైన హెలికాప్టరులు కలవు. కావున 'ఆర్మీ హెలికాప్టరు' అనునది అర్థములేని మాట కాదు, వేరొక యర్థము గల మాట.

నౌకాసేనకును విమానము లుండునని ఎరుగనివారు పెక్కురు. 2010 మార్చి 3న హైదరాబాదులో జరిగిన విమాన ప్రదర్శనమున బోయినపల్లిలో ఇండ్లపై కూలిన కిరణ్ విమానము నౌకాసేన 'సాగర్ పవన్' బృందమునకు చెందినది. వాయుసేనకు 'సూర్యకిరణ్' అను మరియొక విన్యాస బృందమున్నది. ఆ కాలమున వారు నడపినవియు కిరణ్ విమానములే. బృందము పేరును విమానము పేరును ఒకటిగా భావించినచో ఏ దళము వారు మరణించిరో కూడ తారుమారగును.

ఇక క్రియల సంగతి. ఇది మా శాస్త్రమునకు మరింత దగ్గరిది. 'కూలు' అకర్మకము, 'కూల్చు' దాని ప్రేరణరూపము. తనంత పడినదానికి మొదటిది, ఒకరు పడవేసినదానికి రెండవది. ఈ భేదమును పల్లెలో పిల్లవాడును తప్పడు. గోడ కూలినదనును, గోడను కూల్చిరనును. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీరులోని బడ్గాములో ఒక విమానము పడినది. మిగ్ యుద్ధవిమానము సాంకేతిక లోపముచే కూలినదని మొదటి వార్తలు. కొన్ని గంటలకు అది జెట్టు కాదు, మి-17 వి-5 హెలికాప్టరని తేలినది. కొన్ని నెలలకు క్రియయును మారినది. అది కూలలేదు, మనవారి క్షిపణియే పొరపాటున దానిని కూల్చినది. 2019 అక్టోబరులో వాయుసేనాధిపతి దీనిని బహిరంగముగ నంగీకరించెను. అందు ఆరుగురు వాయుసేనవారును, నేలపైనున్న ఒక పౌరుడును మరణించిరి. మొదటినాటి విలేఖరికి కారణము తెలియదనుట న్యాయమే. కారణము తెలియనపుడు 'పడిపోయినది' అనియో, 'నేలకొరిగినది' అనియో కారణము నంటని మాట వాడవచ్చును గదా. సాంకేతిక లోపమును చేర్చుట ఎందులకు? ఈ 'సాంకేతిక లోపము' మన వార్తలలో ఊతపదమైనది. విచారణ మొదలు కాకమునుపే అది వ్రాయబడుచున్నది.

అదేనాడు సరిహద్దు కావల తప్పులు తక్కువగ జరుగలేదు. ఇద్దరు భారత విమానచోదకులను పట్టుకొంటిమని పాకిస్తాను సైన్యప్రతినిధి మొదట ప్రకటించి, తరువాత ఒక్కరేయని సవరించుకొనెను.

'దూకు' అను క్రియ చేసిన అన్యాయము వేరు. కూలుచున్న విమానమునుండి చోదకుడు ప్యారాచూటుతో దూకి ప్రాణములు దక్కించుకొనెనని వ్రాయుదురు. పోరాట విమానములలోను పెక్కు శిక్షణ విమానములలోను చోదకుడు దూకడు. మీట లాగినంతనే, అతడు కూర్చున్న ఆసనమే రాకెట్టు బలముచే అతనితో గూడ పైకి విసరబడును. ప్యారాచూటు పిమ్మట విప్పుకొనును. ఆ విసురునకు వెన్నెముక దెబ్బతినుట కలదు. 'దూకెను' అన్నపుడు వినువానికి తోచు చిత్రము, మునుగు పడవను విడిచి ఈదిపోయిన సరంగు చిత్రము. జనావాసములను తప్పించి తుదిక్షణమున మీట లాగినవానికి ఈ క్రియ మచ్చ తెచ్చును. 'ఆసనముతో బయటపడెను' అన్న చాలును. పెద్ద సంస్కృత సమాసము కల్పింప నక్కరలేదు.

'గల్లంతు' అను మాటయు పరిశీలింపదగినది. తొలుత కలకలము, అల్లరి యను నర్థముగల యీ పదము నేటి వార్తలలో జాడ తెలియకపోవుట యను నర్థమున స్థిరపడినది. 2016 జూలై 22న తాంబరమునుండి పోర్టుబ్లెయరుకు బయలుదేరిన వాయుసేన ఆంటొనోవ్-32 రవాణా విమానము 29 మందితో బంగాళాఖాతముపై కనబడకుండ పోయినది. అందు విశాఖపట్టణములోని నౌకాదళ ఆయుధాగార సంస్థలో పనిచేయు ఎనిమిదిమంది పౌరోద్యోగులుండిరి. ఆ ఇండ్లవారికి 'గల్లంతు', 'కూలినది' అను రెండు మాటల నడుమ దూరము ఏడేండ్లకు పైబడినది. సముద్రగర్భమున 3400 మీటర్ల లోతున దాని శకలములు కనబడినవని 2024 జనవరిలో ప్రకటింపబడినది. అంతవరకును 'గల్లంతు'యే సరియైన పదము. దానిని విడిచి కూలినదని ముందే వ్రాసినవారు ఎరుగని దానిని ఎరిగినట్లు వ్రాసిరి.

ఆ 2024 ప్రకటనలోనే ఒక విశేష మున్నది. శకలములు చెన్నై తీరమునకు 140 నాటికల్ మైళ్ల దూరమున, అనగా ఇంచుమించు 310 కిలోమీటర్ల దూరమున ఉన్నవని రక్షణశాఖ తెలిపినది. నాటికల్ మైలు 1.852 కిలోమీటరు. 140ని గుణించినచో 259 కిలోమీటర్లు వచ్చును, 310 రాదు. ఆ రెండంకెలును పత్రికలలో ప్రక్కప్రక్కనే అచ్చైనవి. ఏబది కిలోమీటర్ల తేడా ఎచట వచ్చినదో అడిగినవారు మా కంటబడలేదు.

పేర్ల ఉచ్చారణ చిన్న విషయముగ తోచును, కాని కాదు. ఫ్రాన్సునుండి తెచ్చిన విమానములు మొదటి అయిదు 2020 జూలై 29న అంబాలా చేరినవి. వాని పేరు మన పత్రికలలో రాఫెల్, రాఫేల్, రఫేల్ అని పలువిధముల కనబడుచున్నది. ఫ్రెంచివారి పలుకుబడి 'రఫాల్'కు దగ్గర. ఆ భాషలో దానికి హఠాత్తుగ వీచు పెనుగాలి యని యర్థము. ఎట్లు వ్రాసిన నేమి యందురేమో. ఇజ్రాయెలులో 'రఫాయెల్' అను ఆయుధ సంస్థ యొకటి కలదు. 2019లో బాలాకోటుపై వేసిన స్పైస్ బాంబులు దాని తయారీయే. దాని భాగస్వామ్యముతో హైదరాబాదులో 2017 నుండి కర్మాగారమున్నది. మరల, 2025 జూన్‌లో రఫాల్ విమానపు నడిమి దేహమును హైదరాబాదులోనే చేయుటకు ఫ్రెంచి సంస్థ దసో, టాటా సంస్థతో ఒప్పందము కుదుర్చుకొన్నది. ఒకే నగరము, ఒకే రంగము, రెండు దేశముల సంస్థలు, తెలుగు లిపిలో ఒకే పేరు! 'హైదరాబాదులో రఫేల్' అను శీర్షిక చదివిన పరిశోధకుడు ఏబదేండ్ల తరువాత ఏమి గ్రహించును? రష్యను నిర్మాత సుఖోయ్ పేరును ఖకారముతో వ్రాసి మనవారు సుఖము తెచ్చిపెట్టినారు; రష్యనులో ఆ మాటకు 'ఎండినది' అని యర్థము. దీనివలన నష్టమేమియు లేదు, ముచ్చటకై చెప్పితిమి.

చిత్రముల దోషము ఇటీవలిది. 2025 మే నెలలో భారత పాకిస్తానుల నడుమ ఘర్షణ జరిగినపుడు, పాకిస్తాను కూల్చిన రఫాల్ ఇదేయని ఒక శకల చిత్రము వ్యాపించినది. అది 2021లో పంజాబులోని మోగా దగ్గర కూలిన మిగ్-21 చిత్రము. వీడియో ఆటల దృశ్యములు గూడ నిజమైన ఆకాశయుద్ధములుగ చూపబడినవి. అట్లని తప్పంతయు విలేఖరులదే యనజాలము. ఆ ఘర్షణమున మన విమానములకు నష్టము కలిగినమాట నిజమేయని త్రిదళాధిపతి సింగపూరులో మే 31న చెప్పెను, సంఖ్య చెప్పలేదు. మూడు వారములకు పైగా అధికారులు మౌనము వహించినచోట వదంతి కాపురము పెట్టును. సైనిక రహస్యము కొంత అవసరమే; విమానము రకమును చెప్పుట రహస్యభంగ మగునని మాత్రము మేము నమ్మజాలము.

ఏన్కూరు వృద్ధుని ప్రశ్నకు మరల వత్తము. ఆ సేకరణ పర్యటనలో ఆ పరిసరముల ముసలివారి నోట విమానమునకు 'గాలిమోటరు' అను పేరు మేము పలుమారులు వింటిమి. తెలంగాణమున ఇది చాలచోట్ల నున్న మాటయే. హెలికాప్టరునకును అదే పేరు. పదసేకరణ పుస్తకములో వ్రాసికొనునపుడు దీనిని అస్పష్టపదముల క్రింద చేర్చితిమి. నేడు ఆ వర్గీకరణ మాకు సమ్మతము కాదు. గాలిమోటరు తనకు తెలిసినంతవరకే చెప్పును. అది గాలిలో పోవు యంత్రము. ఎవరిదో, ఏమి పనికో చెప్పదు. చెప్పినట్లు నటింపదు.

2024 సెప్టెంబరు 1న ఖమ్మములో మున్నేరు పొంగి, ప్రకాశనగర్ వంతెనపై తొమ్మిదిమంది చిక్కుకొనిరి. హెలికాప్టరు తెప్పించుటకు జరిగిన యత్నములు ప్రతికూల వాతావరణముచే ఫలింపలేదు. 'యత్నించుచున్నారు', 'బయలుదేరినది', 'వచ్చుచున్నది' అను మూడు క్రియలలో ఏది వినబడినదను దానిపై, వంతెనమీద నున్నవారు వేచియుండుటయో వేరుదారి చూచుకొనుటయో ఆధారపడియుండును. తుదకు జె.సి.బి. యంత్రమును నడుపు ఒకడు ప్రవాహమునకు ఎదురేగి వారిని ఒడ్డు చేర్చెను. కొన్ని దినముల తరువాత మేము టెలిఫోనులో ఏన్కూరు వృద్ధుని క్షేమమడుగగా, తనకు కుశలమేయని చెప్పి, ఆ సంగతిని ఇట్లు వినిపించెను: "గాలిమోటరు వస్తదన్నరు సారూ. రాలే. మట్టి తోడే బండి వచ్చింది."

దీనిని కూడ గాలిమోటరు పదము క్రింద ఉదాహరణముగ వ్రాసికొంటిమి.