కలుపు మీద నల్ల దుప్పటి

బతుకమ్మ పండుగకు గునుగు పూలు మీరూ కోసుకొచ్చే ఉంటారు. ఆ గునుగే చేనులో మొలిస్తే మాత్రం పీకి గట్టున పారేస్తారు. సిద్దిపేట జిల్లా అక్కన్నపేట వంటి ఊళ్లలో తొలకరి పడగానే గునుగు, గరిక, తుంగ పైరుతో పాటే లేస్తాయి. పైరుకు అందవలసిన నీరు, ఎరువు, ఎండ వీటి పాలవుతాయి. అందుకే మన అమ్మలు, అక్కలు రోజంతా నడుము వంచి కలుపు తీస్తారు. ఈ కష్టం తగ్గించే ఉపాయం లేదా?

ఒకటి ఉంది. మడి మీద నల్లని గుడ్డ పరచి, మొక్క నాటే చోట మాత్రం రంధ్రం చేస్తారు. దీనిని వీడ్ మ్యాట్ అంటారు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పట్టీలను ఎరువుల బస్తాలాగా అల్లి దీనిని తయారు చేస్తారు. అల్లిక సందుల్లోంచి నీరు, గాలి కిందికి పోతాయి. వెలుతురు మాత్రం దాదాపు పోదు.

వెలుతురు అందకపోతే ఏమవుతుంది? మొక్క ఎండలోని శక్తితో తన ఆహారం తానే తయారు చేసుకుంటుంది. ఆకు విచ్చుకునే దాకా విత్తనంలో నిలవ ఉన్న ఆహారమే దానికి దిక్కు. గునుగు గింజ చాలా చిన్నది. అందులోని ఆహారం త్వరగా అయిపోతుంది. చీకట్లో మొలక పాలిపోయి, సన్నగా సాగి, చివరకు చనిపోతుంది.

తుంగ సంగతి వేరు. మట్టిలోని తుంగగడ్డలు దానికి గాదెల వంటివి. ఆ బలంతో సూదిమొన వంటి మొలక పలుచని ప్లాస్టిక్ షీటును కూడా పొడుచుకొని వస్తుంది. కాబట్టి ముందుగా గడ్డలను తవ్వి ఏరివేయాలి.

మిర్చి, పుచ్చ తోటల్లో పరిచే మల్చింగ్ షీటు అల్లిన గుడ్డ కాదు, పాలిథీన్ పొర. 25 మైక్రాన్ల షీటు తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. దాని గుండా నీరు ఇంకదు. అందుకే కింద డ్రిప్ పైపులు వేస్తారు. ఎర్ర చెలకల్లో తేమ ఆరిపోకుండా కూడా అది కాపాడుతుంది.

అయితే ఒక చిక్కుంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఆకుల్లాగా కుళ్లవు, ఏళ్ల తరబడి మట్టిలోనే ఉంటాయి. పంట కాగానే షీటును పూర్తిగా తీసివేయాలి. వీడ్ మ్యాట్ మీద దుమ్ము పేరుకుంటే గాలికి వచ్చిన విత్తనాలు అక్కడే మొలిచి, అల్లికలోకి వేళ్లు దింపుతాయి. అప్పుడప్పుడూ ఊడుస్తుండాలి. వరిగడ్డి మందంగా పరిచినా వెలుతురు ఆగుతుంది. అది కుళ్లి ఎరువవుతుంది, కాని మళ్లీ మళ్లీ వేయాలి.

మీరే పరీక్షించి చూడండి. బడి తోటలో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పుతో నాలుగు మళ్లు చేయండి. ఒకదానిపై తెల్ల బస్తా, ఒకదానిపై నల్ల షీటు, ఒకదానిపై నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి పరచండి. నాలుగోది ఖాళీగా వదలండి. అన్నిటినీ తడపండి. షీటు వేసే మడిని మాత్రం ముందే తడపాలి. ఇరవై రోజుల తర్వాత ఎత్తి, మొలకలు లెక్కపెట్టండి. వాటి రంగు కూడా రాసుకోండి. తెల్ల బస్తా కింద, నల్ల షీటు కింద ఒకే తీరుగా ఉన్నాయా? లేకుంటే ఎందుకో ఆలోచించండి.